చీనా కూర విత్తనం

కొత్తగూడలో ఆమెను ఇంటిపేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. విత్తనాల కిష్టమ్మ అంటేనే తెలిసేది. ఆ రోజుల్లో కొత్తగూడ అంటే నలభై ఇళ్ళు, చుట్టూ పెద్ద పెద్ద రాతిగుండ్లు, గుండ్ల సందుల్లో సీతాఫలం పొదలు. ఇప్పుడు అక్కడ వంతెన కింద నిలబడి వెతికినా ఒక్క గుండు దొరకదు. అన్నిటినీ పగలగొట్టి మేడలు కట్టుకున్నాం, పైగా ఊరు బాగుపడిందని సంబరపడుతున్నాం. సరే, ఆ గోల ఇప్పుడెందుకు.

కిష్టమ్మ పెనిమిటి సాయిలు బావి దగ్గర మోట కొడితే, ఆమె మడులకు నీళ్ళు మళ్ళించేది. బీరకాయను తీగ మీదే ఎండనిచ్చి దూలానికి వేలాడదీసేది. చిక్కుడు గింజలకు ఎర్రమన్ను పట్టించేది. వంకాయ గింజలను బూడిదలో కలిపి పిడకలా గోడకు కొట్టేది. చుట్టుపక్కల ఎవరింట్లో విత్తనం అయిపోయినా ఆమె గడపకే వచ్చేవారు. తానిచ్చిన గింజ మొలవలేదని ఒక్కరూ తిరిగి రాలేదని రోజుకు రెండుసార్లైనా చెప్పుకునేది. మనిషికి ఏదో ఒక గర్వం ఉండాలి కదా, మెడలో నగలు లేనివాళ్ళకు మరీను. విత్తు ఒకటి వేస్తే చెట్టు ఇంకొకటి మొలుస్తుందా అన్నది ఆమె ఊతపదం. ఆమె చదువుకున్న శాస్త్రం అదొక్కటే, చివరికి ఆమెను ఏడిపించిందీ అదే.

రోజు విడిచి రోజు కోడికూతకు లేచి, గంప నెత్తిన పెట్టుకుని లింగంపల్లి స్టేషను దాకా నడిచి, బండెక్కి సికింద్రాబాదు మోండా మార్కెట్టుకు పోయేది. నలభై ఆరో సంవత్సరం దసరా వెళ్ళిన తర్వాత, ఆ మార్కెట్టులోనే లియాంగ్ ఆమె గంప ముందు కూర్చున్నాడు. అరవై ఏళ్ళ చీనా మనిషి. సన్నగా, పొట్టిగా, మోకాళ్ళ దాకా మడిచిన పంట్లాముతో ఉండేవాడు. జేమ్స్ స్ట్రీటు వెనక సందులో అతనికి హోటలుంది. బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరున్నా అందరూ చీనా హోటలనే అనేవారు. అక్కడ కప్పలు వండుతారని, పాములు వేపుతారని చూడనివాళ్ళంతా చూసినట్టే చెప్పేవారు. లియాంగ్ మాత్రం రోజూ కొనేది ఉల్లాకు, అల్లం, ఎల్లిపాయ, లేత చిక్కుడు. ఒక్కొక్క ఉల్లికాడను ఎత్తి, వేరు చూసి, వాసన చూసి పక్కన పెట్టేవాడు. మిగతావాళ్ళు విసుక్కునేవారు. కిష్టమ్మకు మాత్రం ఆ పద్ధతి నచ్చింది. వస్తువు విలువ తెలిసినవాడే అలా ఎంచుతాడు.

నెల తిరిగేసరికి వచ్చీరాని దక్కనీ ఉర్దూలో, సగం తెలుగులో ఇద్దరికీ మాటలు కలిశాయి. అతను కాంటన్ పక్కన ఒక పల్లెవాడట. ఇరవై ఏళ్ళప్పుడు కలకత్తా వచ్చి, అక్కడి నుంచి తెల్లసిపాయిల దండు వెంట సికింద్రాబాదు చేరాడు. యుద్ధమప్పుడు హోటల్లో కూర్చోవడానికి చోటుండేది కాదట. చివరిసారి ఇంటికి పోయి పదేళ్ళయింది. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఒక టీ డబ్బా నిండా వాళ్ళ ఆకుకూర గింజలు చేతిలో పెట్టింది. ఆ తర్వాత జపానువాళ్ళు వాళ్ళ ఊరి మీద పడ్డారు. అమ్మ పోయిందన్న కబురు రెండేళ్ళ తర్వాత అందింది. ఏటేటా హోటలు వెనక కుండీల్లో ఆ గింజ వేసి, ఆకు కోసుకుని, మళ్ళీ గింజ పట్టి పెట్టుకుంటున్నాడు. ఇప్పుడు పక్కవాడు గోడ లేపాడు, కుండీలకు ఎండ లేదు. మొక్కలు పీలగా వచ్చి పడిపోతున్నాయి.

ఇంతా చేసి ఆ ఆకు హోటలుకు కాదు. చలికాలంలో ఒక అమావాస్యనాడు వాళ్ళు పెద్దలకు పెడతారు. అతని తల్లికి పెట్టే పళ్ళెంలో ఆ కూర ఉండాలి.

కిష్టమ్మ మనసు అక్కడ చిక్కుకుంది. తమకూ పెత్రమాస ఉంది. ఆ అమావాస్యనాడు పోయిన పెద్దల పేరు చెప్పి, వాళ్ళకిష్టమైన కూరలు, బియ్యం అయ్యగారికి ఇస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. చీనావాళ్ళకూ అమాసేనా అని ఆశ్చర్యపోయింది. లెక్క వేసి చూస్తే అది తమ పుష్య అమావాస్య. కలకత్తాలో అంతమంది చీనావాళ్ళున్నారు కదా, అక్కడ గింజలు దొరకవా అని అడిగింది.

"దొరుకుతయ్. కానీ అవి వేరేవాళ్ళ అమ్మ విత్తనం" అన్నాడు లియాంగ్.

ఇంకో మనిషైతే ఈ మాటకు నవ్వేవారేమో. విత్తనాల కిష్టమ్మ నవ్వలేదు. "నాకియ్యి సాబు, నా మడిల వేస్త" అంది. అతను సగం గింజలు కాగితంలో కట్టి ఇచ్చాడు.

బావి పక్క మడిలో ఆ కూర ఎంత బాగా వచ్చిందంటే, కిష్టమ్మ నీళ్ళు కట్టడం మరిచి చూస్తూ కూర్చునేది. తెల్లటి దుబ్బు కాడలు, పైన గరిటె లాంటి నున్నటి ఆకు, మీద ఒక్క నూగు లేదు. సాయిలు, నీ చీనాయన కూర ఎట్లున్నదని రోజూ ఆటపట్టించేవాడు. ఆమె తిరిగి తిట్టేది, లోలోపల మురిసేది. పుష్య అమావాస్యనాడు తడిగుడ్డలో చుట్టి తీసుకుపోతే, లియాంగ్ ఆమెను వెనక తలుపు నుంచి వంటింట్లోకి పిలిచాడు. పీట మీద మూడు గిన్నెల అన్నం, వెలిగించిన ఊదుబత్తులు, ఎర్రకాగితం మీద తల్లి పేరు. ఫోటో లేదట. ఆకును పెద్ద మూకుట్లో ఎల్లిపాయతో రెండు నిమిషాలు తిప్పి, మొదటి పళ్ళెం కాగితం ముందు పెట్టాడు. ఆ పేరు పైకి చదివి, వంగి దండం పెట్టాడు. లేచేటప్పుడు మొహమంతా తడిగా ఉంది. తర్వాత ఆమెకూ ఒక ఆకు దొప్పలో పెట్టి ఇచ్చాడు. ఆ మూకుట్లో అంతకుముందు ఏం వండారో అన్న భయంతో, ఇవాళ ఒక్కపొద్దని అబద్ధమాడింది కిష్టమ్మ. అతను బలవంతపెట్టలేదు.

ఆ తర్వాతి ఎండాకాలం దేశానికి స్వరాజ్యం వస్తుందన్నారు. తెల్లసిపాయిలు మూటాముల్లె సర్దుకున్నారు. లియాంగ్ హోటల్లో బల్లలు ఖాళీ అయ్యాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఊరివాళ్ళు, దుకాణాల సేట్ల కొడుకులు, కాలేజీ పిల్లలు. ఈ సూపులో కారమేదని ఒకడు, కొత్తిమీర వెయ్యవేమని ఒకడు. అతను పచ్చిమిరపకాయలు వేశాడు, అల్లమెల్లిపాయ ముద్ద వేశాడు, చివరికి అడిగినవాడికి పుదీనా చట్నీ కూడా పెట్టాడు. ఇవాళ ప్రతి చౌరస్తాలో బండి మీద ఎర్రగా కారంగా తినే ఆ తిండిని చైనీసు అంటున్నాం. అది అలా కావడానికి ఏ ముసలివాళ్ళు ఎంత మనసు చంపుకున్నారో మనకు పట్టదు. లియాంగ్ ఊరికి ఒక వంట వండేవాడు, తల్లికి ఒక వంట. రెండోదాన్ని ఎవరూ మార్చమనలేదు, అతనూ మార్చలేదు.

ఆ వానాకాలంలోనే హోటల్లో దాచిన మిగతా సగం గింజలు ఎలుకలు తిన్నాయి. లియాంగ్ ఖాళీ టీ డబ్బా తెచ్చి కిష్టమ్మ చేతిలో పెట్టాడు. ఇక ఉన్నదంతా ఆమె దగ్గరే. మొదటి పంట నుంచి ఆమె పట్టిన గింజ గుప్పెడుంది. అదంతా రెండో ఏడు మడికెక్కించింది. కొత్త గింజ చేతికొస్తుంటే పాతది దాచుకోవడం పిసినారితనమని ఆమె నమ్మకం.

ఈసారి చీనా కూర సంగతి ఊరంతా పాకింది. చూడ్డానికి ఒకరి వెనక ఒకరు వచ్చారు. పక్కింటి చంద్రమ్మ బుగ్గన వేలేసుకుని, బాతు మెడల్లాగా ఎంత తెల్లగున్నయో అంది. ఆ మర్నాటికి ఆకుల వెనక పేను కనిపించింది. ఇంకేముంది, దిష్టి. కిష్టమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. అంతటితో ఆగక, మడి చుట్టూ నాలుగు వైపులా చిక్కగా ఆవాలు చల్లింది. పసిబిడ్డకు దిష్టి తగిలితే తిప్పేది ఆవాలే. మరి మడి చుట్టూ ఆవచెట్లే కావలి నిలబడితే ఏ పాడు కన్ను లోపలికి వస్తుంది. ఈ ఉపాయం ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనకే తోచింది, తోచినందుకు ఎంతో గొప్పగా అనిపించింది.

ఆ ఏడు అమావాస్యకు లియాంగ్ తల్లికి ఆకు చేరింది. విత్తనానికని విడిచిన మొక్కల్లో పేను తినగా మూడే మిగిలాయి. అవి పూతకొచ్చేసరికి చుట్టూ ఆవ కూడా పూసింది. రెండిటి పూలూ ఒక్క తీరే, నాలుగు రేకుల పసుపు పూలు. మడి మొత్తం పసుపు గుడ్డ పరిచినట్టు ఉంది. తేనెటీగలు ఆ పువ్వు మీద నుంచి ఈ పువ్వు మీదికి తిరుగుతుంటే, చెట్లు కూడా చుట్టాలైనయని సాయిలుకు చూపించి నవ్వింది కిష్టమ్మ. ఆమె ఎరిగిన బీర, చిక్కుడు, వంకాయల్లో ఏదీ ఆవకు చుట్టం కాదు. అందుకే ఆ నవ్వులో ఏముందో ఆమెకు తెలియలేదు. కాయలు ఎండాక మూడు మొక్కల గింజా వేరుగా నూర్చి, బూడిద రాసి, టీ డబ్బాలో పోసి మూత బిగించింది.

నలభై ఎనిమిది ఎంత పాడు సంవత్సరమో ఆ వైపు పెద్దవాళ్ళను అడగాలి. రజాకార్ల భయం, దారుల భయం. నెలల తరబడి కిష్టమ్మ మార్కెట్టు మొహం చూడలేదు. సెప్టెంబరులో పటాలాలు వస్తున్నాయన్న కబురుతో, ఎవరు ఎవరిని కొడతారో తెలియక ఊరు ఊరంతా గుండ్లలోకి పోయింది. గొడ్లను విప్పి వదిలేశారు. కిష్టమ్మ కాలి కడియాలు పొయ్యి కింద పాతిపెట్టింది. తిండిగింజల కుండలు అలాగే విడిచింది. టీ డబ్బాను మాత్రం కొంగులో కట్టి నడుముకు బిగించుకుంది. పిడికెడు గింజలకు ఇంత ఆరాటమా అని సాయిలు కేకలేస్తే, "ఇవి మనయి కావు, ఒకరి తల్లియి" అంది. రెండు రోజులు ఆ గుండ్ల మధ్య, వాన తుంపరలో, డబ్బా తడవకుండా పొట్టకు అదుముకుని కూర్చుంది. ప్రాణం మీదికి తెచ్చుకుని ఆమె కాపాడిన ఆ గింజ అప్పటికే చెడిపోయి ఉందని ఎవరు చెప్పాలి.

అన్నీ సద్దుమణిగాక మూడో ఏడు మడి వేసింది. మొలకలు చూసి మొదట ఏమీ అనుకోలేదు. నాలుగు ఆకులయ్యేసరికి మడి గట్టున కూలబడి ఒక్కొక్క ఆకు ఎత్తి చూసింది. ఆకు అంచు రంపంలా కోసుకుపోయింది. మీద నూగు. కాడలో ఆ తెలుపు లేదు, ఆ దుబ్బుతనం లేదు. నేల అలిసిందనుకుని పేడ వేసింది. నీళ్ళు చాలలేదనుకుని పూటపూటా కట్టింది. విత్తు తప్పు కావచ్చన్న ఊహ మాత్రం ఆమెకు రాలేదు. తన చేత్తో పట్టిన విత్తనం తప్పుతుందా.

పుష్య అమావాస్యనాడు వాటిలోనే లేతవి ఏరి తీసుకుపోయింది. లియాంగ్ బాగా వంగిపోయాడు. వాళ్ళ దేశంలో వాళ్ళలో వాళ్ళకే యుద్ధమట, ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. ఆకు చేతిలోకి తీసుకుని, నూగు మీద బొటనవేలు రాసి, చిన్న ముక్క తుంచి నమిలాడు. ఇంకో ఆకు ఎత్తి వెలుతురుకు పెట్టి అంచు చూశాడు. తర్వాత మెల్లగా, మడి పక్కన ఆవ ఉందా అని అడిగాడు.

కిష్టమ్మ మొహం విప్పారింది. తన ఉపాయం చెప్పుకోవడానికి ఇన్నాళ్ళకు అవకాశం దొరికింది. "ఉన్నది సాబు. దిష్టి తగలొద్దని నేనే చుట్టుముట్టు వేసిన. అందుకే మొక్క బతికింది" అంది.

లియాంగ్ ఆమె వైపే చూశాడు. "మంచిగ చేసినవ్. మా అమ్మ ఉంటే అదే చేసేది" అన్నాడు.

ఆ ఆకునే కడిగాడు, కోశాడు, ఎల్లిపాయతో తిప్పాడు. ఎర్రకాగితం ముందు పళ్ళెం పెట్టాడు. పేరు చదవబోయి మధ్యలో ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఎప్పటిలాగే తల్లి మీద బెంగ అనుకుంది కిష్టమ్మ. ఈసారి అతను దొప్ప ఇవ్వకముందే తనే అడిగింది. రెండేళ్ళుగా ఆ ఒక్కపొద్దు అబద్ధం ఆమెను తొలుస్తోంది. నోట్లో పెట్టుకుంటే ఘాటు ముక్కుకెక్కింది, నాలుక మీద చేదు నిలిచింది. జర చేదున్నదని నొచ్చుకుంటూ అంది.

"అమ్మకు చేదంటే ఇష్టం" అన్నాడు లియాంగ్, తన పళ్ళెం మొత్తం తిని.

ఉగాది దాటాక ఒకరోజు మార్కెట్టుకు వచ్చి, కలకత్తాలో అన్న కొడుకు దగ్గరికి పోతున్నానని చెప్పాడు. ఉల్లాకు మాత్రం ఎప్పటిలాగే ఎంచి ఎంచి కొన్నాడు. చలికాలానికి వస్తావు కదా, గింజ పట్టి ఉంచుతానని కిష్టమ్మ అంటే తలూపాడు. డబ్బా ఆమె దగ్గరే ఉంచుకొమ్మన్నాడు.

ఆషాఢంలో బోనాలకు కిష్టమ్మ తమ్ముడు నర్సింహ వచ్చాడు. బొల్లారంలో ఒక బంగళాలో తోటమాలి అతను. తిన్న తర్వాత అరుగు మీద కూర్చున్నప్పుడు, అక్క తన చీనా కూర కథంతా చెప్పింది, ఆవాల ఉపాయంతో సహా. నర్సింహ బీడీ ఆర్పేశాడు.

"అక్కా, గంత పని చేసినవా. దొరల గోబీ విత్తనం పట్టేటప్పుడు ఆవజాతి మొక్కను ఆ దరిదాపుల ఉండనియ్యం. తేనెటీగ ఈ పూల దుమ్ము ఆ పూలకు అంటిస్తది. గింజల ఆవ కలుస్తది. ఇగ ఆ గింజ పాతది కాదు."

మళ్ళీ పాత గింజ రావాలంటే ఏం చెయ్యాలని అడిగింది. పాత గింజ ఉంటేనే వస్తుందన్నాడు. అది ఉందా అని అడిగాడు. ఉన్న గుప్పెడూ మడికెక్కించిన రోజు కిష్టమ్మకు గుర్తొచ్చింది. ఆమెకు బొటనవేలితో నూగు తడిమిన ఆ చెయ్యి కనిపించింది. ఆవ ఉందా అని అడిగిన ఆ గొంతు వినిపించింది. ఆకు నమిలినప్పుడే అతనికి అంతా తెలిసిపోయింది. తెలిసి కూడా ఒక్క మాట అనలేదు. తనేమో ఆ ముసలివాడి తల్లి ఆనవాలును తన చేత్తో తుడిచేసి, ఎదురుగా నిలబడి గొప్పలు చెప్పుకుంది. మెచ్చుకుంటాడని చూసింది. అతను మెచ్చుకున్నాడు కూడా. అదే ఆమెను ఎక్కువ ఏడిపించింది.

మర్నాడు గంప లేకుండా బండెక్కింది. కాళ్ళ మీద పడి చెప్పుకుంటే బరువు దిగుతుందేమోనని ఆశ. కలకత్తా పోయిన మనిషి ఉండడని తెలుసు, ఎవరైనా అడ్రసైనా ఇస్తారనుకుంది. బోర్డు తీసేశారు. హోటలున్న చోట సైకిళ్ళ దుకాణం పెట్టారు. వాళ్ళకు లియాంగ్ ఎవరో తెలియదు. వెనక సందులోకి పోయి చూస్తే, వంటింటి గోడ పక్కన మట్టి కుండీలు బోర్లించి ఉన్నాయి. వాటి పక్కనే కూర్చుని, దారినపోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది. చలికాలం వచ్చింది, పోయింది. లియాంగ్ రాలేదు.

కిష్టమ్మ ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా బతికింది. కోడళ్ళు వచ్చారు, మనుమలు పుట్టారు. విత్తనాల కిష్టమ్మ అన్న పేరు పోలేదు గాని, తన గింజ తప్పదన్న మాట మళ్ళీ ఆమె నోట వినలేదు ఎవరూ. ఇంకొక్కటి మారింది. ఆమె ఇంట్లో పోపులో ఆవాలు పడలేదు. జీలకర్ర, ఎల్లిపాయ, ఎండుమిర్చి, అంతే. పెద్దకోడలు కాపురానికొచ్చిన కొత్తలో అడిగితే, ఈ ఇంటికి ఆవాలు అచ్చిరావని చెప్పింది. ఆ కోడలు తన కోడలికి అదే చెప్పింది. ఎందుకో ఇద్దరికీ తెలియదు.

నర్సింహ వచ్చి పోయిన ఆ నలభై తొమ్మిదిలోనే, బోనాల తర్వాత వచ్చిన పెత్రమాసనాడు, అయ్యగారు చేటలో బియ్యం, కూరలు సర్దించి, కిష్టమ్మ అత్తామామల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు ఒక్కొక్కటే చెప్పించాడు. అయిపోయిందనుకుని లేవబోయాడు. కిష్టమ్మ కొంగు చాటు నుంచి ఇంకొక చిన్న చేట ముందుకు జరిపింది. అందులో పిడికెడు బియ్యం, రెండు కట్టల తోటకూర.

ఇది ఎవరి పేరు మీద అని అడిగాడు అయ్యగారు.

"ఒక తల్లి ఉండె" అంది కిష్టమ్మ. "పేరు విన్న గాని నా నోరు తిరగలే. ఆమె తినే కూర నా చేతిలనే ఖరాబయింది. కొడుకు పేరు చెప్త అయ్యగారూ. కొడుకు పేరు చెప్తే తల్లికి అందుతదా?"